పేరున్న కోచ్ వద్దు, నేర్పే కోచ్ కావాలి

కింది డివిజన్‌లో ఆడే ఫుట్‌బాల్ క్లబ్ వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిందంటే కోచ్ ఉద్యోగం ఊడినట్టే. ఆ తర్వాత అభిమానుల మధ్య ఒకటే చర్చ, తర్వాత ఎవరని. బెంగళూరులో ఈ చర్చ తెలుగులోనూ గట్టిగానే నడుస్తుంది. మారతహళ్లి, బెళ్లందూరు పీజీల్లో ఉండే కుర్రాళ్లు, హలసూరులో తరాలుగా స్థిరపడిన కుటుంబాల వాళ్లు, అనంతపురం నుంచీ చిత్తూరు నుంచీ వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్లు మ్యాచ్ అయ్యాక రెసిడెన్సీ రోడ్డులో ఆంధ్రా భోజనం ముందు కూర్చుని వాదించుకుంటారు. ఒకరు "ఫారిన్ కోచ్ రావాలన్నా, మనవాళ్లకు డిసిప్లిన్ లేదు" అంటారు. ఇంకొకరు ఇండియా జెర్సీ వేసుకున్న మాజీ ఆటగాడి పేరు తెస్తారు. మూడో మనిషి పక్క క్లబ్ కోచ్‌ను లాక్కొచ్చేద్దామంటాడు. అసిస్టెంట్ కోచ్ పేరు గానీ, జూనియర్ జట్టును చూసుకునే కోచ్ పేరు గానీ ఎవరి నోటా రాదు. చాలామందికి ఆ పేరే తెలియదు.

నేను వాదించేది ఆ మనిషి కోసమే. కింది డివిజన్ క్లబ్‌కు కొత్త హెడ్ కోచ్ కావాలంటే ముందు క్లబ్ లోపలే వెతకాలి. జూనియర్లకు రోజూ ఆట నేర్పుతున్నవాడికి, ఏళ్లుగా అసిస్టెంట్‌గా ఉండి ప్రతి ఆటగాడి లోటుపాట్లు తెలిసినవాడికి బాధ్యత అప్పగించాలి. అతనికి పేరు లేకపోవచ్చు, ప్రెస్ మీట్‌లో ఇంగ్లిష్ తడబడవచ్చు. ఈ ఉద్యోగానికి ఆ రెండూ అడ్డు కాకూడదు.

పై డివిజన్‌లో కోచ్ పని వేరు, ఇక్కడ కోచ్ పని వేరు. దేశంలో పై స్థాయి లీగ్ అయిన ఐఎస్ఎల్‌లో కోచ్‌కు తన లెఫ్ట్ బ్యాక్ (ఎడమ వైపు డిఫెండర్) నచ్చకపోతే జనవరిలో ఇంకొకరిని తెప్పించుకుంటాడు. జాతీయ లీగ్‌ల్లో మూడో మెట్టు అయిన ఐ-లీగ్ 2లోనో, నగర లీగ్ అయిన బెంగళూరు సూపర్ డివిజన్‌లోనో ఆడే క్లబ్‌కు ఆ వెసులుబాటు ఉండదు. ఉన్న కుర్రాడితోనే నెట్టుకురావాలి. ఆ కుర్రాడికి పంతొమ్మిదేళ్లుంటాయి. పొద్దున ప్రాక్టీస్ చేసి, పగలు కాలేజీకో డెలివరీ పనికో వెళ్తాడు. ఒక కాలితో చక్కగా ఆడతాడు, రెండో కాలి మీదికి బంతి వస్తే కంగారు పడతాడు. అతన్ని పంపించి అంతకన్నా మంచివాణ్ని కొనే డబ్బు క్లబ్ దగ్గర లేదు. కాబట్టి అతన్నే మంచి ఆటగాడిగా తయారు చేసుకోవాలి. అంటే ఇక్కడ కోచ్ చేయాల్సిన పనిలో ముప్పావు వంతు నేర్పడమే. పైగా సీజన్ చిన్నది, పట్టుమని ఇరవై మ్యాచ్‌లు కూడా ఉండవు. బయట నుంచి వచ్చిన పెద్ద కోచ్‌కు ఆటగాళ్ల పేర్లూ అలవాట్లూ పట్టుబడేసరికి లీగ్ సగం అయిపోతుంది.

నేర్పడమంటే ఏమిటో ఆ మధ్య అశోక్ నగర్‌లోని బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంలో చూశాను. మ్యాచ్‌కు ముందు వార్మప్ నడుస్తోంది. అసిస్టెంట్ కోచ్ ఒక లెఫ్ట్ బ్యాక్‌ను పక్కకు పిలిచి, రెండు భుజాలూ పట్టుకుని, మైదానం పక్క గీత (టచ్‌లైన్) వైపు తిరిగి ఉన్న కుర్రాణ్ని మైదానం లోపలికి తిప్పాడు. బంతి కాలి దగ్గరికి వచ్చేలోపే గ్రౌండంతా కనపడేలా నిలబడాలని చెప్పడం అది. బంతి వేశాడు. కుర్రాడు పాత అలవాటు కొద్దీ గీత వైపే తిరిగాడు. మళ్లీ భుజాలు పట్టుకున్నాడు, మళ్లీ వేశాడు. కన్నడంలో మొదలుపెట్టి, తమిళం కలిపి, చివరికి ఆ కుర్రాడి తెలుగులోనే "ముందు చూడు, తర్వాత తాకు" అన్నాడు. సెకండాఫ్‌లో ఒకసారి ఆ కుర్రాడు సరిగ్గా అలాగే తిరిగి, మిడ్‌ఫీల్డర్ కాళ్ల దగ్గరికి పాస్ ఇచ్చాడు. దానివల్ల గోలేమీ రాలేదు. గ్యాలరీలో పక్కనున్నవాళ్లు అప్పటికే కొత్త కోచ్ ఎవరైతే బాగుంటుందో మాట్లాడుకుంటున్నారు. సమాధానం బెంచ్ మీద కూర్చుని ఉంది.

పేరున్న కోచ్ కావాలనేవాళ్ల వాదనలో బలం లేదని అనను. పాత కోచ్‌తో కలిసి ఓడిన జట్టులో అసిస్టెంట్‌కూ వాటా ఉంటుంది కదా అంటారు. ఆటగాళ్లతో చనువుగా ఉన్నవాడు రేపు వాళ్లలో ఒకరిని బెంచ్ మీద కూర్చోబెట్టగలడా అంటారు. స్పాన్సర్లు పేరు చూసే వస్తారంటారు. ఇంగ్లండ్ కింది లీగ్‌లను రాత్రిళ్లు మేలుకుని ఫాలో అయ్యే కుర్రాళ్లయితే రెక్సమ్ క్లబ్ ఉదాహరణ చూపిస్తారు. 2021లో అనుభవం ఉన్న కోచ్ ఫిల్ పార్కిన్సన్‌ను తెచ్చుకున్నారు, 2023, 2024, 2025లో వరసగా మూడు ప్రమోషన్లు కొట్టారు.

కానీ రెక్సమ్‌లో కోచ్‌తో పాటు ఇంకేం వచ్చిందో కూడా చూడాలి. 2020-21లో కేంబ్రిడ్జ్ యునైటెడ్ తరఫున నాలుగో డివిజన్‌లో 32 లీగ్ గోల్స్ కొట్టిన పాల్ మలిన్‌ను ఆ వేసవిలోనే ఐదో డివిజన్‌లో ఉన్న రెక్సమ్ తెచ్చుకుంది. పై డివిజన్ టాప్ స్కోరర్ కింది డివిజన్‌కు దిగి వచ్చాడంటే దాని వెనక ఆ క్లబ్‌ను కొన్న హాలీవుడ్ నటుల డబ్బు ఉంది. పార్కిన్సన్ సమర్థుడే, అందులో సందేహం లేదు. ఆ డబ్బు లేకుండా అతన్ని ఒక్కణ్నే తెచ్చి మన సూపర్ డివిజన్ క్లబ్‌లో పెడితే మాత్రం అతనూ ఆ పంతొమ్మిదేళ్ల కుర్రాడికి రెండో కాలు నేర్పుతూ కూర్చోవాల్సిందే. ఆ పని రోజూ చేస్తున్నవాడు క్లబ్‌లో ముందే ఉన్నాడు. ఇక అసిస్టెంట్‌కు ఓటమిలో వాటా ఉందనే మాట. జట్టు ఎంపిక, వ్యూహం తన చేతుల్లో లేని మనిషి మీద ఆ నింద వేయడం న్యాయం కాదు.

ఇంగ్లండ్ నుంచే ఉదాహరణ కావాలంటే బ్రెంట్‌ఫర్డ్‌ను చూడండి. 2018 అక్టోబర్‌లో కోచ్ డీన్ స్మిత్ ఆస్టన్ విల్లాకు వెళ్లిపోతే, అసిస్టెంట్‌గా ఉన్న థామస్ ఫ్రాంక్‌కు పగ్గాలు ఇచ్చారు. ఫ్రాంక్ పెద్ద ఆటగాడేమీ కాదు. డెన్మార్క్ కుర్రాళ్ల జట్లకు కోచింగ్ ఇస్తూ పైకి వచ్చినవాడు. మొదటి పది మ్యాచ్‌ల్లో ఎనిమిది ఓడాడు. మన దగ్గరైతే ఐదో ఓటమికే సామాను సర్దుకోమనేవాళ్లు. బ్రెంట్‌ఫర్డ్ ఓపిక పట్టింది. 2021లో ఆ క్లబ్ 74 ఏళ్ల తర్వాత ఇంగ్లండ్ టాప్ డివిజన్‌లోకి వెళ్లింది. 2025లో ఫ్రాంక్ టాటెన్‌హామ్‌కు వెళ్లినప్పుడు కూడా వాళ్లు బయట వెతకలేదు. కార్నర్లు, ఫ్రీకిక్‌ల కోచ్‌గా ఉన్న కీత్ ఆండ్రూస్‌ను హెడ్ కోచ్ చేశారు.

మన దేశంలో ఖాలిద్ జమీల్ కథ తెలియనివాళ్లు లేరు. ఏడేళ్లు ముంబై ఎఫ్‌సీకి కోచ్‌గా చేసి, ఆ ఉద్యోగం పోయాక మిజోరంలోని ఐజాల్ క్లబ్‌కు వెళ్లాడు. ఐజాల్ అంతకుముందు సీజన్‌లో ఐ-లీగ్ అనే జాతీయ లీగ్ నుంచి కిందికి పడిపోయి, మళ్లీ అవకాశం దొరికి లీగ్‌లోకి వచ్చిన జట్టు. 2017లో ఆ జట్టే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, బెంగళూరు ఎఫ్‌సీ లాంటి పెద్ద క్లబ్‌లను వెనక్కి నెట్టి చాంపియన్ అయింది. అప్పుడు ఖాలిద్‌ది పోస్టర్ మీద వేసుకునే పేరు కాదు. 2025లో ఇండియా జట్టుకు కోచ్ అయ్యాడు.

ఇంతదూరం వచ్చాక అసలు మాట చెప్పాలి. కోచ్ అంటే టీచర్ అని ఈ దేశానికి చూపించినవాడు హైదరాబాద్‌వాడు. తెలుగు అభిమానులే అది మరిచిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడి పంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ముంబైలో జరిగే రోవర్స్ కప్ టోర్నమెంట్ గెలిచింది. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో ఇండియాకు బంగారు పతకం వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కింది. ఈ లెక్కలు చాలామందికి తెలిసే ఉంటాయి. వాటి వెనక పని ఎలా జరిగిందో తెలిసినవాళ్లు తక్కువ. హైదరాబాద్ కుర్రాళ్ల కోసం రహీం సాబ్ ప్రత్యేకంగా టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. ఇంకొకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. కుడి కాలి వాటం కుర్రాడు ఎడమ కాలితో టోర్నమెంట్ మొత్తం ఆడాలంటే ఎంత కష్టమో ఊహించుకోండి. మొదట్లో బంతి ఎటు పోతుందో తనకే తెలియదు. టోర్నమెంట్ అయ్యేసరికి మాత్రం అతనికి రెండో కాలు వచ్చేస్తుంది. కొనుక్కునే డబ్బు లేని చోట ఆటగాణ్ని తయారు చేసే పద్ధతి ఇదే. అశోక్ నగర్‌లో ఆ అసిస్టెంట్ భుజాలు పట్టుకుని చేస్తున్నది ఇదే కోవలోని పని.

1962లో జకార్తా ఫైనల్లో రహీం సాబ్ చేసిన పని కూడా గుర్తు చేసుకోవాలి. తలకు కుట్లు పడి, కట్టు కట్టుకున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించారు. జర్నైల్ గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద ఇండియా 2-1తో గెలిచింది. ఏ ఆటగాడు ఏం చేయగలడో కోచ్‌కు లోతుగా తెలిసి ఉంటేనే అలాంటి నిర్ణయం తీసుకోగలడు. నిన్న విమానం దిగినవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

1963లో క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయారు. ఆ తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ మెల్లగా చల్లబడింది. కారణాలు చాలా చెబుతారు, క్రికెట్ వచ్చిందనీ, గ్రౌండ్లు పోయాయనీ. నా దృష్టిలో పెద్ద కారణం, ఆయన చేసిన పనిని సంస్థగా నిలబెట్టకపోవడం. హైదరాబాద్‌వాడే అయిన నయీముద్దీన్ ఇండియాకు కోచ్ అయ్యాడు, ద్రోణాచార్య అందుకున్నాడు. అయితే క్లబ్ కోచ్‌గా ఆయన పేరు కోల్‌కతాలోనే ఎక్కువగా వినిపించింది. మన దగ్గర నేర్పేవాళ్లకు జీతం, గౌరవం, నిలకడ ఇచ్చే క్లబ్ ఒక్కటీ మిగల్లేదు. మొన్నటి హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతే చూడండి. 2022లో ఐఎస్ఎల్ చాంపియన్. 2023-24లో సీజన్ మొత్తం మీద ఒక్క గెలుపుతో అట్టడుగున నిలిచింది. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. డబ్బుతో కట్టినది డబ్బు ఆగగానే కూలింది. కుర్రాళ్లను తయారు చేసే వ్యవస్థ కింద ఉండి ఉంటే, ఎంత దెబ్బ తగిలినా ఊళ్లో ఒక జట్టంటూ మిగిలేది.

బెంగళూరుకు ఆ అదృష్టం ఇంకా ఉంది. గౌతమపురలో పీలే విగ్రహం పెట్టుకున్న వీధులున్నాయి, ఆస్టిన్ టౌన్‌లో సాయంత్రం అయితే బంతి పట్టుకుని గ్రౌండ్‌కు వచ్చే పిల్లలున్నారు. నాలుగైదు గంటల దూరంలో అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ గ్రౌండ్లలో పల్లెల అబ్బాయిలూ అమ్మాయిలూ ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. ఆ పిల్లల్లో పైకి రాగలిగినవాళ్లకు దగ్గర్లో ఉన్న పెద్ద ఫుట్‌బాల్ ఊరు బెంగళూరే. వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు చేరేది కింది డివిజన్ క్లబ్‌ల్లోనే. అక్కడ వాళ్లకు దొరికేది ఎవరు? మూడు నెలల కాంట్రాక్ట్ మీద వచ్చి, గెలిస్తే పెద్ద క్లబ్‌కు, ఓడితే ఇంటికి వెళ్లిపోయే కోచా, లేక ఆ పిల్లాడు ఏ కాలితో ఆడతాడో, ఏ బస్సులో వస్తాడో తెలిసిన మనిషా? ఎస్‌సీ బెంగళూరు 2023-24లో ఐ-లీగ్ 2 గెలిచి పైకి వెళ్లి, మరుసటి సీజన్‌లోనే కిందికి రావాల్సి వచ్చింది. పైకి వెళ్లిన క్లబ్ అక్కడ నిలవాలంటే కింది నుంచి ఏటా ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు తయారై రావాలి, అంత మందిని ఏటా కొనే శక్తి ఇక్కడ ఏ చిన్న క్లబ్‌కూ లేదు.

అభిమానులు కమిటీని అడగాల్సినవి ఇక్కణ్నించే వస్తాయి. లోపలి మనిషికి హెడ్ కోచ్ పదవి ఇస్తే తాత్కాలికం అనే మాట తగిలించకూడదు, ఆ ఒక్క మాటతో డ్రెస్సింగ్ రూమ్‌లో అతని మాట చెల్లకుండా పోతుంది. రెండు పూర్తి సీజన్లు రాతపూర్వకంగా ఇవ్వాలి. డి, సి, బి, ఎ, ప్రో అని లైసెన్సులున్నాయి, లీగ్ అడిగే లైసెన్స్ అతనికి లేకపోతే ఆ కోర్సు ఫీజు క్లబ్ కట్టాలి, కోర్సుకు వెళ్లిన రోజుల జీతం కోయకూడదు. ఫారిన్ కోచ్ విమానం టికెట్‌కూ ఫ్లాట్ అద్దెకూ పోయే డబ్బులో ఈ ఖర్చు సర్దుకుంటుంది. అతను పైకి వెళ్లినందువల్ల జూనియర్ జట్టు అనాథ కాకుండా, అతని కిందే పనిచేసిన ఇంకొకరిని ఆ స్థానంలో వెంటనే పెట్టాలి.

ఈసారి కమిటీ సమావేశానికి వెళ్లేవాళ్లు పేర్ల జాబితా ఇంట్లో పెట్టి రండి. గత మూడేళ్లలో మన జూనియర్ జట్టు నుంచి సీనియర్ జట్టుకు వచ్చిన కుర్రాళ్లు ఎవరు, వాళ్లకు ఆట నేర్పింది ఎవరు, ఆ మనిషికి నెలకు ఎంత ఇస్తున్నారు అని అడగండి.