మార్గదర్శి సమయానికి లెక్క ఉండాలి

1909లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఎర్నెస్ట్ మార్స్‌డెన్‌కు 20 ఏళ్లు. ఇంకా పట్టా చేతికి రాలేదు. ఆ కుర్రవాడికి ఏదైనా చిన్న పరిశోధన అప్పగిద్దామని అక్కడి పరిశోధకుడు హాన్స్ గైగర్ సూచిస్తే, భౌతికశాస్త్ర ఆచార్యుడు రూథర్‌ఫర్డ్ ఒక ప్రశ్న ఇచ్చారు. లోహపు రేకును తాకిన ఆల్ఫా కణాల్లో (రేడియోధార్మిక పదార్థాల నుంచి వెలువడే సూక్ష్మ కణాల్లో) ఏవైనా బాగా పక్కకు మళ్లుతాయేమో చూడమన్నారు. మళ్లుతాయన్న నమ్మకం ఆయనకే లేదు. చీకటి గదిలో కూర్చుని, కణాలు తెరను తాకినప్పుడు పుట్టే మెరుపులు లెక్కపెడితే, సుమారు 8,000 కణాల్లో ఒకటి వెనుదిరుగుతున్నట్లు తేలింది. 1911లో రూథర్‌ఫర్డ్ ప్రతిపాదించిన పరమాణు కేంద్రకానికి ఆధారం ఆ లెక్కే.

ఇక్కడ విద్యార్థి ప్రతిభ ఒక్కటే పనిచేయలేదు. జవాబు ముందే తెలియని ప్రశ్న దొరికింది, పరికరం దొరికింది, 'ఏం కనిపించింది?' అని అడిగే పెద్దలు పక్కనే ఉన్నారు. మన కాలపు విద్యార్థుల్లో ఎందరికి ఈ మూడూ అందుతున్నాయి? చాలామందికి పరిశోధన అంటే చివరి ఏడాదిలో హడావిడిగా కట్టించి ఇచ్చే ప్రాజెక్టు నివేదిక. గైడ్‌తో బంధం సంతకంతో మొదలై సంతకంతోనే ముగుస్తోంది.

ఇందుకు అధ్యాపకులను నిందించి ఊరుకోవడం అన్యాయం. చెప్పిన తరగతులకు లెక్క ఉంది, అచ్చయిన పత్రాలకు లెక్క ఉంది. విద్యార్థి రాసిన తడబాటు చిత్తుప్రతిని వాక్యం వాక్యం చదివి, తర్కం ఎక్కడ తెగిందో చూపించిన సాయంత్రానికి ఏ లెక్కా లేదు. పదోన్నతి దరఖాస్తులో దానికి గడి ఉండదు. ఆ గంటలను పనిభారంలో చేర్చాలని, ఒక్కో గైడ్ కింద ఎందరు ఉండవచ్చో కచ్చితంగా పరిమితం చేయాలని మేము కోరుతున్నాం. అది జరగనంత కాలం ఎన్ని శిక్షణ శిబిరాలు పెట్టినా ఫలితం స్వల్పమే.

డబ్బు సంగతీ దాటవేయరాదు. 1969లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ మెక్‌వికర్ ఆరంభించిన పథకం డిగ్రీ విద్యార్థులను అధ్యాపకుల పరిశోధనల్లోకి తీసుకుంది. అక్కడ ఆ పనికి క్రెడిట్లు గానీ వేతనం గానీ లభిస్తాయి. సాయంత్రాలు కూలి పని చేసుకుని చదివే విద్యార్థిని ఉచితంగా ప్రయోగశాలలో నిలబడమంటే, పరిశోధన డబ్బున్నవారి వ్యాపకంగా మిగిలిపోతుంది. చరిత్ర, సాహిత్య విద్యార్థులకైతే పాత ప్రతులు వెతుక్కుంటూ వెళ్లే ప్రయాణఖర్చే పెద్ద సాయం.

పేరు విషయంలోనూ స్పష్టత కావాలి. 1967లో పల్సార్ (క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే నక్షత్రం) సంకేతాన్ని రికార్డు కాగితాలపై మొదట పసిగట్టింది కేంబ్రిడ్జ్ పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్. 1974 భౌతికశాస్త్ర నోబెల్ మాత్రం ఆమె గైడ్ ఆంటొనీ హ్యూవిష్‌కు, మార్టిన్ రైల్‌కు దక్కింది. ఎవరి పేరు ఎక్కడ ఉండాలన్నది పని మొదలయ్యేనాడే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. గైడ్‌ను మార్చుకోదలచిన విద్యార్థి ఆ గైడ్ అనుమతి కోసమే తిరగవలసిన నిబంధన ఎక్కడ ఉన్నా, ఈ విద్యా సంవత్సరంలోనే దాన్ని తొలగించాలి.