బోరిక్ పొడి చల్లితే చీమల గూడు చావదు

"ఒక చెంచా బోరిక్ పొడి, ఒక చెంచా పంచదార కలిపి బారు మీద చల్లండి, పైనుంచి స్ప్రే కొట్టండి. తెల్లారేసరికి ఒక్క చీమా ఉండదు, పిల్లలకూ భయం లేదు" అన్న చిట్కా తెగ తిరుగుతోంది. మందు మంచిదే. వాడమన్న తీరే తప్పు.

సగానికి సగం మందు: అసలు లోపం ఇక్కడే. బారులో కనిపించేవి మేతకొచ్చిన పనిచీమలు. గుడ్లు పెట్టే రాణి గూట్లోనే ఉంటుంది. తిన్న చీమ ఇల్లు చేరి, పొట్టలోని ద్రవాన్ని నోటితో మిగతావాటికి పంచితేనే విషం రాణిదాకా పోతుంది. మోతాదు ఎక్కువైతే అది దారిలోనే చస్తుంది, లేదా అసలు ముట్టదు. 500 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల పంచదార, 5 గ్రాముల బోరిక్ యాసిడ్ (అదే బోరిక్ పొడి) కరిగించండి. అంటే మందు సుమారు 1 శాతం. చెంచా లెక్కలొద్దు, తూచండి.

పొడిగా చల్లడం: ఎదిగిన చీమ గట్టి పదార్థాన్ని మింగలేదు, ద్రవమే తాగుతుంది. ఆ ద్రావణంలో తడిపిన దూదిని మూతలో పెట్టి బారు పక్కన ఉంచండి. ఆరితే పంచదార పెచ్చు కడుతుంది, చీమలు మళ్లీ అటు రావు. రెండు రోజులకోసారి మార్చాలి.

పైనుంచి స్ప్రే: ఎరను మోసేవాళ్లనే చంపి, ఎర ఎవరికి పెట్టినట్టు? ఇళ్లలో తిరిగే చిన్న పసుప్పచ్చ ఫారో చీమలైతే మరీ కష్టం. వాటికి రాణులు చాలామంది. స్ప్రే తగిలితే గూడు ముక్కలై నాలుగు చోట్ల కొత్త కాపురాలు పెడుతుంది.

తెల్లారేసరికి మాయం: మొదటి రోజు బారు ఇంకా లావెక్కుతుంది. అది మంచి గుర్తు, తుడిచేయకండి. గూడు పడిపోవడానికి వారాలు పట్టొచ్చు.

ఇక తీపి అన్ని చీమలకూ పనికిరాదు. ఒక అట్టముక్క మీద తేనె చుక్క, నూనె చుక్క దూరంగా పెట్టి అరగంట చూడండి. నూనెకే మూగితే నూనె పట్టించిన గుళికల ఎర కావాలి. దాన్ని తడి నేల మీద చల్లితే దండగ.

పిల్లలకు భయం లేదన్నది నమ్మొద్దు. ఇది తియ్యటి విషం. చీమ దూరేంత కన్నాలున్న మూత డబ్బాలో, పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందనిచోట పెట్టండి. మిగిలిన ద్రావణం సీసా మీద మందు పేరు రాయండి.