డబ్బు పోతే ముందు ఎవరికి చెప్పాలి?

2016 ఫిబ్రవరి 5 శుక్రవారం, బంగ్లాదేశ్‌లో సెలవు రోజు. ఢాకాలోని కేంద్ర బ్యాంకులో స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య చెల్లింపు ఆదేశాలు మోసే నెట్‌వర్క్) లావాదేవీల ప్రింటరు మొరాయించింది. మామూలు రిపేరే అనుకున్నారు. అప్పటికే దొంగలు ఆ బ్యాంకు పేరు మీదే, దాని ఖాతా ఉన్న న్యూయార్క్ ఫెడ్‌కు (అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలో భాగం) 35 ఆదేశాలు పంపేశారు. అడిగింది దాదాపు 95 కోట్ల డాలర్లు. కదిలింది 10.1 కోట్లు. అందులో శ్రీలంకకు వెళ్లిన 2 కోట్లు స్పెల్లింగ్ తప్పు పుణ్యమా అని ఆగాయి, మిగతా 8.1 కోట్లు ఫిలిప్పీన్స్‌లో తేలాయి.

బయటి చొరబాట్లను అడ్డుకునే ఫైర్‌వాల్ లేదని, కంప్యూటర్లను కలిపేందుకు పది డాలర్ల సెకండ్‌హ్యాండ్ నెట్‌వర్క్ స్విచ్‌లు వాడారని దర్యాప్తు అధికారి ఒకరు చెప్పారు. ఆ చవక స్విచ్‌లే అందరికీ గుర్తుండిపోయాయి. అసలు జబ్బు ఆ తర్వాత బయటపడిందని నా అభిప్రాయం. డబ్బు పోయిన సంగతి బ్యాంకు ఆర్థిక మంత్రికి చెప్పలేదు. దాదాపు నెల తర్వాత ఆయనకు పత్రికల ద్వారా తెలిసింది. గవర్నర్ అతియుర్ రెహమాన్ మార్చి 15న రాజీనామా చేశారు.

చెడు కబురు పైకి వెళ్లే దారి లేనిచోట ఎంత ఖరీదైన పరికరం కొన్నా దండగే. మన దగ్గరా భద్రత అంటే 'కంప్యూటర్ సెక్షన్ వాళ్ల పని'. కొత్త పరికరం కావాలని ఫైలు పెడితే, 'ఇన్నాళ్లూ ఏం కాలేదుగా' అంటూ వెనక్కి పంపుతారు. పైగా సిస్టమ్స్ నడిపే మనిషే వాటిలో లోపాలున్నాయని రాయాలి. తన మీద తనే ఎవరు రాసుకుంటారు? అందుకే భద్రతాధికారి ఐటీ విభాగాధిపతి కింద ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు చెబుతుంది. సైబర్ భద్రతకు బోర్డు ఆమోదంతో విడిగా ఒక విధానం ఉండాలని 2016 జూన్‌లోనే బ్యాంకులను ఆదేశించింది.

కాగితం మీద బాగానే ఉంది. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి హ్యాకర్లు రూ.12 కోట్లకు పైగా కొట్టేశారు. సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా వేసింది. జరిమానా కట్టేది బ్యాంకు, అంటే చివరికి సభ్యుల సొమ్మే. బోర్డులో కూర్చున్నవారి జేబుకు సెగ తగలదు. మొండి బాకీల లెక్క అడిగే డైరెక్టర్లు సర్వర్లలో ఎన్ని లోపాలు పెండింగ్‌లో ఉన్నాయని ఎందుకు అడగరు?

సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. కానీ ముందుగా గమనించేది చాలాసార్లు నైట్ డ్యూటీలో ఉన్న కాంట్రాక్టు ఉద్యోగి. అతను సూపర్‌వైజర్‌ని లేపాలి, ఆయన మేనేజర్‌ని, ఆయన జనరల్ మేనేజర్‌ని. ఎవరినీ అడగకుండా నెట్‌వర్క్ ఆపేసే అధికారం ఆ కుర్రాడికి రాతపూర్వకంగా ఇచ్చిన సంస్థలు ఎన్ని?