చిక్కదనం ఒక్కటే చూస్తే తేలదు

శుక్లం (కాటరాక్ట్) ఆపరేషన్‌లో కంట్లోకి ఎక్కించే జెల్స్ మీద వచ్చిన ఒక వ్యాసంలో వాటిని ‘చిక్కనివి, పలచనివి’ అని రెండుగా విడగొట్టేశారు. వైజాగ్‌లో థియేటర్ అసిస్టెంట్‌గా చేరే పిల్లలు ఇది చదివి అదే లెక్క అనుకుంటారు. అసలు చూడాల్సింది, పీల్చినప్పుడు జెల్ ముద్దగా వచ్చేస్తుందా, తునకలైపోతుందా అన్నది.

1 శాతం సోడియం హయలురొనేట్‌లో పొడవాటి గొలుసులు పెనవేసుకుని ఉంటాయి, ముద్దగా వచ్చేస్తుంది. ఇది కొహెసివ్, అంటే ముద్దకట్టే రకం. కంటి ముందు గది (కార్నియా అనే పారదర్శక పొర వెనకున్న ఖాళీ) లోతు నిలబెడుతుంది, కృత్రిమ లెన్స్ పెట్టేటప్పుడు హాయి. కానీ ఫేకో (శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చడం) మొదలవగానే జారిపోతుంది, కార్నియాకి రక్షణ ఉండదు. 2 శాతం హెచ్‌పీఎంసీ (సెల్యులోజ్ నుంచి చేసే జెల్), విస్కోట్ అనే బ్రాండ్ జెల్ డిస్పర్సివ్, అంటే విడిపోయే రకం. పొట్టి గొలుసులు కాబట్టి విడిపోయి కార్నియా లోపలి పొరకి అంటుకుని ఉంటాయి, అందుకే తీయడానికి టైమ్ పడుతుంది. 2.3 శాతం సోడియం హయలురొనేట్ ఉన్న హీలాన్5 అనే జెల్ ఈ రెండింట్లో ఇమడదు. కంట్లో ద్రవం పారే వేగం (ఫ్లో) తక్కువుంటే ముద్దగా నిలుస్తుంది, పెంచితే ముక్కలవుతుంది. దాన్ని విస్కోఅడాప్టివ్ అని విడిగా చెప్పాల్సిందే.

కంటి సర్జన్ ఆర్షినాఫ్ చెప్పిన సాఫ్ట్ షెల్ పద్ధతి వ్యాసంలో లేకపోవడం పెద్ద లోటు. ముందు డిస్పర్సివ్, తర్వాత దాని కింద కొహెసివ్ ఎక్కిస్తే మొదటిది పైకి జరిగి కార్నియాకి పొరలా పరుచుకుంటుంది. వరస తిరగేస్తే ఆ పొర ఏర్పడదు.

ఇంకోటి. లెన్స్ వెనక జెల్ మిగిలితే ట్రాబెక్యులర్ మెష్‌వర్క్ (కంట్లో ద్రవం బయటికి పోయే జల్లెడ) పూడి, మొదటి 24 గంటల్లోనే కంటి ఒత్తిడి పెరుగుతుంది. ఐ/ఏ టిప్‌తో (ద్రవం పోస్తూ పీల్చే గొట్టం మొన) లెన్స్‌ని కాస్త పక్కకి వంచి వెనకంతా పీల్చాలి. హెచ్‌పీఎంసీ అయితే ఇంకాసేపు.