శుభాకాంక్షల గొడవలో పడి సెలవును మర్చిపోయాం

డిసెంబర్ మూడో వారం వచ్చిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు తిరగడం మొదలవుతాయి. డిసెంబర్ 25 అసలు ఏసు పుట్టినరోజే కాదు, రోమన్ల సూర్యుడి పండగని చర్చి కొట్టేసింది, కాబట్టి ఎవరూ క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పొద్దు అనేది ఒక రకం. రెండో రకం అమెరికాలో ఉన్న మనవాళ్లది: ఆఫీసులో 'మెర్రీ క్రిస్మస్' అనాలా, 'హ్యాపీ హాలిడేస్' అనాలా, ఏదంటే ఎవరికి కోపమొస్తుంది అని టెన్షన్. ఏటా ఈ రెండు గొడవలూ చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. పండగ మూలం తవ్వేవాళ్లూ, ఏ మాటతో పలకరించాలో తేలక కొట్టుకునేవాళ్లూ కలిసి, ఆ పండగలో అన్నిటికంటే పాతదీ విలువైనదీ ఏదో దాన్నే గాలికొదిలేశారు. పనికి సెలవు, అదీ అసలు సంగతి.

ముందు ఆ తారీఖు సంగతి తేల్చేద్దాం. ఇది పేగన్ పండగ, అంటే క్రైస్తవానికి ముందున్న దేవుళ్ల పండగ అనేవాళ్ల దగ్గర సరుకు లేదని నేననను. సువార్తల్లో ఏసు పుట్టిన తేదీ లేదు. అరేలియన్ చక్రవర్తి 274లో రోమ్‌లో 'ఓటమి లేని సూర్యుడి'కి గుడి కట్టించాడు. 354 నాటి ఒక రోమన్ క్యాలెండర్‌లో డిసెంబర్ 25 దగ్గర ఆ సూర్యుడి పుట్టినరోజనీ, 30 రథ పందేలనీ ఉంది, అదే సంపుటిలో ఇంకోచోట క్రీస్తు బేత్లెహేములో పుట్టింది కూడా ఆ రోజే అని ఉంది. ఏడాదిలో పగలు బాగా తగ్గిపోయే రోజు రోమన్ల పాత లెక్కలో డిసెంబర్ 25. ఇదంతా నిజమే. కానీ మార్చి 25న గర్భధారణ జరిగిందని నమ్మి, దానికి తొమ్మిది నెలలు కలిపి క్రైస్తవులే సొంతంగా లెక్క కట్టుకున్నారని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. ఆర్మేనియా చర్చికైతే ఇప్పటికీ జనవరి 6నే పండగ. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో తేల్చి చెప్పే రుజువు లేదు. ఇక క్రిస్మస్ చెట్టు కూడా పేగన్‌దే అంటారు చూడండి, అది మాత్రం నిలబడే మాట కాదు. స్ట్రాస్‌బర్గ్‌లో ఇళ్లలో చెట్టు నిలబెట్టి కాగితం గులాబీలు, ఆపిల్ పళ్లు కట్టారని 1605లో రాసిపెట్టారు. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ 1848లో లండన్ పత్రికలో వచ్చాకే అది ఊరూరికీ పాకింది. వేల ఏళ్ల నాటి ఆచారం కాదు.

సరే, మూలం సూర్యుడే అనుకుందాం. అయితే ఏంటి?

మన సంక్రాంతి మూలమూ సూర్యుడే కదా. పంచాంగం ఉత్తరాయణ పుణ్యకాలం అని చెప్పే రోజుకీ, సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లే రోజుకీ ఇప్పుడు మూడు వారాలు దాటి తేడా ఉంది. సూర్యుడు మళ్లేది డిసెంబర్ 21న, లేదా 22న. మన సంక్రాంతి జనవరి 14న, 15న. సుమారు 1700 ఏళ్ల కిందట రెండూ ఒకేచోట ఉండేవి, ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లకు ఒక రోజు చొప్పున పండగ పక్కకు జరుగుతూ వచ్చింది. ఈ తేడా తెలిసిందని ఎవరైనా భోగి మంట వెయ్యడం మానేశారా? గొబ్బెమ్మలు పెట్టే పిల్లల దగ్గరకెళ్లి, అమ్మా మీ ముహూర్తం మూడు వారాల కిందటే దాటిపోయింది, ముగ్గు చెరిపేయండి అన్నారా? మానకూడదు, అనకూడదు కూడా. పండగ చేసుకునేవాళ్లదే, పుట్టుపూర్వోత్తరాలు రాసిపెట్టినవాళ్లది కాదు. మనకు చెల్లే న్యాయం పక్క వీధిలో ఇంటి మీద స్టార్ కట్టుకుని అరిసెలు వండుకునే వాళ్లకు చెల్లదా?

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. క్రిస్మస్ పేగన్ పండగ అనే వాదనను పదునుపెట్టి ఆయుధంగా వాడిందెవరో తెలిస్తే, ఇక్కడ దాన్ని భుజానికెత్తుకున్నవాళ్లు ఒకసారి ఆగి ఆలోచిస్తారు. అది హిందువులు కనిపెట్టింది కాదు, నాస్తికులదీ కాదు. క్రైస్తవుల్లోనే అందరికంటే కఠినంగా ఉండే ప్యూరిటన్లది. బైబిల్లో లేని పండగ, రోమన్ల తాగుడు తిండి జాతరకు క్రీస్తు పేరు తగిలించారు అంటూ వాళ్లు 17వ శతాబ్దమంతా దీని మీద పడ్డారు. స్కాట్లండ్ పార్లమెంటు 1640లో ఈ పండగ సెలవులను రద్దు చేసింది, ఇంగ్లండ్ పార్లమెంటు 1647లో. అమెరికాలో మసాచుసెట్స్ కాలనీ 1659లో చట్టమే తెచ్చింది. ఆ చట్టంలో ఏది నేరమో చూడండి: క్రిస్మస్ పేరుతో పని మానెయ్యడం, విందు చేసుకోవడం. జరిమానా 5 షిల్లింగులు. వాళ్లు రాసిన నేరాల్లో మొట్టమొదటిది పనిలోకి రాకపోవడం! ఆ చట్టం 1681 దాకా నడిచింది. బోస్టన్‌లో పేరుమోసిన పాస్టర్ ఇంక్రీజ్ మేథర్ 1687లో కూడా ఇది రోమన్ల డిసెంబర్ పండగ సాటర్నాలియాకు క్రైస్తవ వేషమని రాస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత 1850ల్లో హిస్లాప్ అనే స్కాట్లండ్ పాస్టర్ క్యాథలిక్కుల మీద కోపంతో ప్రతి పండగనూ బాబిలోన్‌కు ముడిపెట్టి పుస్తకం రాశాడు. క్రిస్మస్‌ను బాబిలోన్ నిమ్రోదుకూ, తమ్మూజుకూ అంటగడుతూ ఇవాళ మన ఫోన్లలో తిరిగే కథలు చాలావరకు అక్కడి నుంచి జారిపడినవే. మన దగ్గర కూడా క్రిస్మస్ చెయ్యని క్రైస్తవ సంఘాలు ఉన్నాయి, అడిగితే ఇదే వాదన చెబుతారు. క్రైస్తవుల ఇంటి గొడవలో పుట్టిన కత్తి పట్టుకుని క్రైస్తవులను పొడుస్తున్నామని మనవాళ్లకు తెలియదు.

ఆ రద్దు మామూలు జనానికి ఎలా తగిలిందో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ ఊరు చెబుతుంది. 1647 డిసెంబర్ 25. ఇవాళ పండగ లేదు గిండగ లేదు, అంగళ్లు తెరవాల్సిందేనని ఊరి మేయర్ ఆజ్ఞ. కొందరు వ్యాపారులు భయపడి తెరిచారు. జనం వచ్చి ఆ దుకాణాల్లో సరుకు వీధిలోకి విసిరేశారు, ఇళ్ల గుమ్మాలకు క్రిస్మస్‌కు కట్టే హోలీ అనే చెట్టు కొమ్మలు కట్టారు, నడివీధిలో బంతి తెచ్చి ఫుట్‌బాల్ ఆడారు. అది ముదిరి అల్లరైంది, మరుసటి ఏడాది ఆ ఊరున్న కెంట్ ప్రాంతమంతా పార్లమెంటు మీద తిరగబడటానికి అదీ ఒక కారణమైంది. ఆ వీధిలో బంతి తన్నిన జనం డిసెంబర్ 25 లెక్క సరైనదా కాదా అని పోట్లాడలేదు. ఏడాది పొడవునా యజమాని చెప్పుచేతల్లో బతికే పనివాళ్లకు క్రిస్మస్‌తో మొదలయ్యే ఆ పన్నెండు రోజుల పండగ ఊపిరి. దాన్ని లాగేస్తే ఏమవుతుందో పార్లమెంటుకూ తెలుసు. అందుకే పండగలు రద్దు చేసిన అదే 1647లో, అప్రెంటిస్‌లకూ పనివాళ్లకూ ప్రతి నెలా రెండో మంగళవారం సెలవు ఇవ్వాలని ఉత్తర్వు తీయాల్సి వచ్చింది. పండగ అన్నది తీసేస్తే మిగిలేది సెలవు బాకీ అని ప్యూరిటన్లే ఒప్పుకున్నట్టు కదా ఇది! స్కాట్లండ్‌లోనైతే మూలం బాగాలేదన్న పట్టుదల ఎంత దూరం పోయిందంటే, అక్కడ క్రిస్మస్ మళ్లీ పబ్లిక్ హాలిడే అయ్యింది 1958లో. మూడు వందల ఏళ్లకు పైగా తరాల తరాల కూలీలు డిసెంబర్ 25న మామూలుగానే పనికెళ్లారు.

ఇక ఆ పేగన్ పండగల్లో ఏముండేదో కూడా చూద్దాం, ఎందుకంటే మూలం మూలం అనేవాళ్లు అక్కడిదాకా వెళ్లి గుడి గోపురం చూసి వెనక్కి వచ్చేస్తారు, అక్కడ జనం ఏం చేశారో చూడరు. రోమ్‌లో సాటర్నాలియా డిసెంబర్ 17న మొదలై కొన్ని రోజులు సాగేది. కోర్టులు మూత, బడులు మూత. పెద్దమనుషులు హోదా చూపించే తోగా విప్పేసి మామూలు బట్టల్లో తిరిగేవాళ్లు. మైనపు కొవ్వొత్తులు, చిన్న చిన్న మట్టిబొమ్మలు ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్లు. బానిసలు యజమానితో సమానంగా కూర్చుని తినేవాళ్లు, కొన్ని ఇళ్లలో యజమానే వడ్డించేవాడు. వీధుల్లో పలకరింపు 'ఇయో సాటర్నాలియా!'. ఈ పలకరింపు గురించి ఒక సంగతి చెప్పాలి. క్రీ.శ. 43లో బ్రిటన్ మీదికి బయల్దేరమంటే రోమన్ సైన్యం మొండికేసింది. నచ్చజెప్పడానికి క్లాడియస్ చక్రవర్తి తన కార్యదర్శి నార్సిసస్‌ను పంపాడు. ఒకప్పుడు బానిసగా ఉన్నవాడతను. వేదికెక్కి నోరు తెరవగానే సైనికులంతా ఒక్కసారిగా 'ఇయో సాటర్నాలియా' అని అరిచారు. బానిస యజమానిలా మాట్లాడటం ఆ పండగ రోజుల్లోనే చెల్లుతుందని ఎగతాళి. రెండు వేల ఏళ్ల కిందట శీతాకాలపు శుభాకాంక్షలకు జనం మనసులో ఉన్న అర్థం అది: కింద ఉన్నవాడు కాసేపు పైన కూర్చునే రోజు. పండగ అయిపోగానే బానిస మళ్లీ బానిసే, నాకేం భ్రమల్లేవు. కానీ ఆ నాలుగు రోజుల విరామం ఎవరూ కాదనలేని హక్కుగా ఉండేది.

ఉత్తరాన నార్వేలోనూ అంతే. పదో శతాబ్దంలో హాకోన్ రాజు అక్కడి 'యూల్' పండగను క్రిస్మస్ రోజులకు మార్చాడనీ, ప్రతి ఇంట్లో బీరు కాయాలనీ, ఆ బీరు ఉన్నన్నాళ్లూ సెలవు పాటించాలనీ శాసనం చేశాడనీ ఆ దేశపు రాజుల చరిత్రలో ఉంది. చలికాలం నడిమధ్యన పొలం పని ఉండదు, మేత చాలదని కొన్ని పశువులను కోసేస్తారు కాబట్టి మాంసం ఉంటుంది, కొత్త బీరు సిద్ధంగా ఉంటుంది. ఏ దేవుడి పేరు పెట్టుకున్నా పండగ అక్కడే కుదురుకుంటుంది.

మన సామెతా ఇదే చెబుతోంది కదా, కనుమ నాడు కాకి కూడా కదలదని. కనుమ రోజున ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి వదిలేస్తారు. పశువుకు సైతం సెలవిచ్చిన పండగ మనది.

ఇప్పుడు అమెరికా శుభాకాంక్షల యుద్ధం చూడండి. క్రిస్మస్‌ను మన నుంచి లాగేసుకుంటున్నారన్న ఏడుపు అక్కడ కొత్తది కాదు, హెన్రీ ఫోర్డ్ పత్రిక 1921లోనే క్రిస్మస్ కార్డుల మీద క్రీస్తు కనపడటం లేదని యూదుల మీద విషం కక్కింది. 2005 ప్రాంతంలో టీవీ వాళ్లు దాన్నే మళ్లీ రాజేశారు, 2015లో స్టార్‌బక్స్ ఎర్ర కప్పు మీద బొమ్మలు తీసేసిందని రచ్చ, ఆ తర్వాత ట్రంప్ ప్రతి సభలో మళ్లీ మెర్రీ క్రిస్మస్ అందాం అని చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇంత చేసిన దేశంలో, ప్రైవేటు కంపెనీ తన పనివాడికి డిసెంబర్ 25న జీతంతో సెలవు ఇవ్వాలని చెప్పే ఫెడరల్ చట్టం ఇవాళ్టికీ లేదు. 1870లో పార్లమెంటు ప్రకటించిన క్రిస్మస్ సెలవు ప్రభుత్వ ఉద్యోగులకే. గిడ్డంగిలో పార్సిళ్లు సర్దేవాడికి ఆ వారమంతా ఓవర్‌టైమ్. అతన్ని ఏ మాటతో పలకరించాలో తేల్చుకోవడానికి దేశం దేశమంతా కొట్టుకుంటుంది, అతను ఇంటికి వెళ్లాడా లేదా అని మాత్రం అడగదు. హ్యాపీ హాలిడేస్ అనండి, మెర్రీ క్రిస్మస్ అనండి, హాలిడే లేనివాడికి రెండూ ఒకటే.

మనం ఏమైనా తక్కువ తిన్నామా? హైదరాబాద్‌లో అమెరికా క్లయింట్లకు పనిచేసే చాలా టీముల్లో థాంక్స్‌గివింగ్‌కు సెలవు ఉంటుంది, భోగికి మాత్రం లీవ్ పెట్టి మేనేజర్‌ని బతిమాలుకోవాలి. సంక్రాంతికి ఊళ్లన్నీ నిండేలా స్పెషల్ బస్సులు వేస్తారు, ఆ బస్సు నడిపే డ్రైవర్ పండగ స్టీరింగ్ దగ్గరే. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కూ, ఆస్పత్రిలో కాంట్రాక్టు మీద తుడిచే అమ్మకూ క్రిస్మస్ లేదు, రంజాన్ లేదు, దసరా లేదు. పండగ రోజున బిర్యానీ తెచ్చిచ్చే డెలివరీ అబ్బాయికైతే కంపెనీ యాప్‌లో ఇన్సెంటివ్ ఆశ చూపించి మరీ లాగిన్ చేయిస్తుంది, సెలవడిగితే నువ్వు ఉద్యోగివి కాదు, పార్ట్‌నర్‌వి అంటుంది. 1647లో అంగడి తెరవమన్న మేయర్ చేతిలో కనీసం ఒక ఆజ్ఞాపత్రం ఉంది, అందుకే జనానికి దేని మీద తిరగబడాలో తెలిసింది. ఇప్పుడు అది ఫోన్‌లో నోటిఫికేషన్‌గా వస్తుంది.

చట్టం మనకు కొత్తగా కనిపెట్టాల్సిన పనేం లేదు. ఫ్యాక్టరీల్లో, సంస్థల్లో పనిచేసేవాళ్లకు జాతీయ, పండగ సెలవులు ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1974లోనే చట్టం వచ్చింది. ఆ రోజున పని చేయించుకుంటే రెట్టింపు జీతం ఇవ్వాలి, లేదా ఆ జీతంతో పాటు ఇంకో రోజు సెలవివ్వాలి. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ దీన్ని యాప్‌ల కింద పనిచేసేవాళ్లకూ, ఏజెన్సీల కింద పనిచేసే గార్డులకూ, స్వీపర్లకూ వర్తింపజేయాలి. ఏ పండగ కావాలో ఆ మనిషే ఎంచుకుంటాడు. ఒకరికి క్రిస్మస్, ఒకరికి భోగి, ఇంకొకరికి రంజాన్. ఆ రోజు బండి తీస్తే రెట్టింపు డబ్బులు ఆ రాత్రికే ఖాతాలో పడాలి, తియ్యకపోతే మర్నాడు రేటింగ్ పడిపోకూడదు.