నల్ల సంచిలో రెండు చేతులు

మూడు రోజులైంది. ఇప్పటికీ ఎవరైనా షుగర్ మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతోంది.

ముందు జరిగింది గబగబా చెప్పేస్తాను. పది నిమిషాల చిన్న సినిమా ఒకటి తీయాలని నా కోరిక. మా మేనల్లుడు డిజిటల్ అన్నాడు, నేను ఫిల్ము అన్నాను. "పెద్ద కంపెనీలే 2011 నాటికి కొత్త ఫిల్ము కెమెరాలు చేయడం మానేశాయి మామయ్యా. ఫ్యూజీ వాళ్ళు 2013లో సినిమాలు తీసే ఫిల్మే ఆపేశారు. నీకెందుకీ పంతం?" అని వాడు. "కొడాక్ వాళ్ళు ఇంకా చేస్తున్నారు కదరా" అని నేను. అంతటితో ఆగానా? వెలుగు కాస్త ఎక్కువైనా నెగటివ్ ఓర్చుకుంటుందనీ, డిజిటల్‌లో అయితే ఆకాశం సున్నం కొట్టిన గోడలా తేలుతుందనీ అరగంట ఉపన్యాసం ఇచ్చాను.

కృష్ణానగర్‌లో ఒకాయన దగ్గర పాత 16 ఎం.ఎం. కెమెరా అద్దెకు దొరికింది. అద్దె ఎంతో ఇంట్లోనే ఇంకా చెప్పలేదు, ఇక్కడ అసలు చెప్పను. పాడైపోయిన డమ్మీ రోలు ఒకటి ఇచ్చి, కళ్ళు మూసుకుని మూడుసార్లు ఎక్కించి చూసుకోమన్నాడు. చూసుకున్నాను. శనివారం సాయంత్రం ఇస్తానన్న కెమెరాను మాత్రం ఆదివారం ఉదయం ఆరు గంటలకు ఇచ్చాడు. అందుకే ఇంట్లో తలుపులు వేసుకుని చేయాల్సిన పని పార్కు బెంచీ మీదికి వచ్చింది.

పని ఏమిటంటే, 400 అడుగుల రోలును డబ్బాలోంచి తీసి, కెమెరాకు తగిలించే ఫిల్ము పెట్టె అయిన మ్యాగజైన్‌లోకి ఎక్కించాలి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన పదకొండు నిమిషాల బొమ్మ. దానికి పిసరంత వెలుతురు కూడా సోకకూడదు. ఇందుకోసం ఒక నల్ల సంచి ఉంటుంది. చూడడానికి మెడ కుట్టడం మరచిపోయిన పసిపిల్లల చొక్కాలా ఉంటుంది. డబ్బా, మ్యాగజైను లోపల పెట్టి, లోపలి జిప్పు, బయటి జిప్పు వేసి, మోచేతుల దాకా చేతులు దూర్చి తడుముకుంటూ ఎక్కించాలి. డబ్బా మూత తీశాక చేతులు బయటికి తీసే ప్రసక్తి లేదు.

మూత తీశాను. అది చూసి మేనల్లుడు ఇరానీ చాయ్ తాగి వస్తానని వెళ్ళిపోయాడు.

మా పార్కులో ఆదివారాలు గేటు దగ్గర ఎవరో ఒకరు బల్ల వేసుకుని బీపీ, షుగర్ చూస్తుంటారు. ఆ రోజు వాళ్ళు రాలేదు. నేను వచ్చాను.

తెల్ల బూట్ల పెద్దమనిషి ఒకాయన నా పక్కన కూర్చుని, చేతులకు బిగుసుకున్న పట్టీలను పరీక్షగా చూసి, "రెండు చేతులకూ ఒకేసారి చూస్తుందా? కొత్త మిషనులా ఉంది. ఎంత వచ్చింది?" అన్నాడు. రోలు చివర అంటించిన టేపు నా బొటనవేలికి అతుక్కుపోయి ఉంది. దాన్ని వదిలించుకునే ధ్యాసలో "ఇంకా రాలేదండీ" అన్నాను. అదీ నేను చేసిన పాపం. ఆయన వెనక ఇద్దరు నిలబడ్డారు. వాళ్ళ వెనక నలుగురు. మన ఊళ్ళో వరుస ఎందుకో తెలుసుకుని నిలబడేవాళ్ళు తక్కువ. పరగడుపున చూపించుకోవాలా, తిన్నాకా అని ఒకావిడ అడిగింది. కాకరకాయ రసం తాగితే ఈ మిషన్లతో పనే ఉండదని ఇంకొకాయన తీర్పు చెప్పాడు.

"ఇది మిషను కాదండీ, ఫిల్ము" అన్నాను.

"ఎక్స్‌రే కూడా తీస్తున్నారట!" అని కబురు వెనక్కి పాకింది. వరుస బాదం చెట్టు దాటింది.

సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెట్టింది. మనిషి ముక్కుకు దురద ఎప్పుడూ ఉంటుందనీ, చేతులు ఖాళీగా ఉన్నంతకాలం మనకు తెలియదనీ నా అనుమానం. మొదట భుజానికి రుద్దాను, అందలేదు. మోకాలికి రుద్దబోతే లోపల మ్యాగజైను జారింది. చివరికి సిగ్గు విడిచి, కాస్త ముక్కు గోకుతారా అని కాకరకాయ ఆయనను అడిగాను. ఆయన రెండు అడుగులు వెనక్కి వేసి, "నరాల జబ్బు. చేతులు పడిపోయాయి పాపం" అని అందరికీ చెప్పాడు.

అంతలో కాపలా మనిషి వచ్చాడు. కెమెరాకు కార్యదర్శి సంతకం కావాలట. పది అడుగుల దూరంలో నలుగురు కుర్రాళ్ళు ఫోనును స్టాండుకు బిగించి, గొడుగు లైటు పెట్టుకుని గంతులు వేస్తున్నారు. మరి వాళ్ళ సంగతేమిటన్నాను. "అది ఫోను సార్" అన్నాడు. అందులోనూ కెమెరానే కదా అన్నాను. "ఉండవచ్చు సార్. కానీ అది ఫోను." ఈ నియమం రాసిన మహానుభావుడికి ఒక్క ప్రశ్న వేయాలని తల పూర్తిగా అటు తిప్పాను.

తిప్పకుండా ఉండాల్సింది. "మిషను ఆన్ చేశారో లేదో!" అంటూ తెల్ల బూట్ల ఆయన బయటి జిప్పు లాగాడు. నేను కేక పెట్టాను. ఫర్వాలేదు, లోపల ఇంకొకటి ఉంది కదా అనుకున్నాను. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదాయన. అదీ లాగాడు.

వెలుగును ఎంతో ఓర్చుకుంటుందని నేను ఉపన్యాసం ఇచ్చిన ఫిల్ము మీద ఉదయం ఏడు గంటల ఎండ పడింది. అడుగుకు 40 ఫ్రేములు, మొత్తం పదహారు వేలు.

కృష్ణానగర్ ఆయన పైసా తగ్గించకుండా అద్దె తీసుకున్నాడు. పాడైన రోలును కూడా వెనక్కి తీసుకున్నాడు, తరువాత వచ్చేవాళ్ళకు డమ్మీగా పనికొస్తుందట.

ఈ ఉదయం తెల్ల బూట్ల ఆయన గేటు దగ్గర నన్ను ఆపి, తన ఎక్స్‌రే ఎప్పుడు వస్తుందని అడిగాడు.