తాళం వేసిన థీసిస్ ఎవరి సొత్తు?

కంపెనీ ఇచ్చిన డబ్బు, విశ్వవిద్యాలయం ల్యాబ్, ప్రజల పన్నులతో కొన్న లేజర్ యంత్రం, పైగా సర్కారు స్కాలర్‌షిప్. ఇన్నిటి మీద ఏళ్లు కష్టపడిన విద్యార్థి చివరికి తన పీహెచ్‌డీని మూసిన తలుపుల వెనుక సమర్పించుకోవాల్సి వస్తే, లేజర్‌తో లోహాలను కోసే, అతికించే, కరిగించే లేజర్ మెటీరియల్స్ ప్రాసెసింగ్ రంగంలో అది ఎవరికీ వింతగా తోచడం లేదు. పరీక్షకులు ముందుగా గోప్యతా పత్రం మీద సంతకం పెడతారు. థీసిస్ లైబ్రరీకి చేరుతుంది, గడువు తీరేదాకా ఎవరూ తెరవడానికి వీల్లేదు. అరుదుగా, ప్రత్యేక అనుమతి తీసుకుని చేయాల్సిన ఈ పని ఇప్పుడు ఒప్పంద పత్రాల్లో ముందే అచ్చయి ఉండే వాక్యమైపోయింది. మా కోపమంతా ఆ అచ్చు వాక్యం మీదే.

పోటీ తీవ్రంగా ఉందని, పెట్టుబడి పెట్టినవాడు ఫలితాన్ని కాపాడుకోకపోతే ఎలాగని కంపెనీలు అడుగుతాయి. అసలైన సమస్యలు దొరికేది ఫ్యాక్టరీలోనే అని ప్రొఫెసర్లు అంటారు. రెండూ నిజమే. విశ్వవిద్యాలయాలు, పరిశ్రమ కలిసి పనిచేయకూడదని ఎవరన్నారు?

లేజర్ చరిత్రలో సగం కంపెనీల ల్యాబ్‌లలోనే నడిచింది. 1960లో మైమన్ మొదటి లేజర్ వెలిగించింది హ్యూస్ కంపెనీ పరిశోధనశాలలో. లోహాల కోతలో దశాబ్దాల పాటు రాజ్యమేలిన కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో కుమార్ పటేల్ రూపొందించింది బెల్ ల్యాబ్స్‌లో. 1967లో ఇంగ్లండ్‌లో పీటర్ హోల్డ్‌క్రాఫ్ట్ బృందం లేజర్ కిరణంతో పాటు ఆక్సిజన్ ధారను పంపి 1 మిల్లీమీటరు మందం ఉక్కు రేకును కోసింది. ఆ పని జరిగిన వెల్డింగ్ పరిశోధన సంఘంలో సభ్యులు పరిశ్రమలే. ఫలితాన్ని అదే ఏడాది వెల్డింగ్ పత్రికలో అచ్చేశారు. ప్రపంచమంతా చదివింది. రేకులు కోసే లేజర్ యంత్రాల పరిశ్రమ దాని మీదే పెరిగింది. అచ్చేసినందుకు ఆ సంఘం మూతపడలేదు, సభ్య కంపెనీలు దివాలా తీయలేదు.

దగ్గరి ఉదాహరణే కావాలంటే 2013లో జర్మనీ అధ్యక్షుడి పేరిట ఇచ్చే భవిష్యత్ పురస్కారం బాష్, ట్రంఫ్ కంపెనీలకు, జెనా విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురికి కలిపి దక్కింది. అతి తక్కువ నిడివి లేజర్ పల్స్‌లను ల్యాబ్ బల్ల మీద నుంచి భారీ ఉత్పత్తిలోకి తెచ్చినందుకు ఆ గౌరవం. కలిసి పనిచేస్తే ఏం సాధించవచ్చో తెలుసు కాబట్టే, కలిసి పనిచేయడం పేరుతో జరుగుతున్నదాన్ని చూస్తే మండుతోంది.

దాచేస్తున్నది ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. లోహపు పొడిని పొరలు పొరలుగా లేజర్‌తో కరిగించి భాగాలు తయారుచేసే పద్ధతినే తీసుకోండి. పొర మందం కొన్ని పదుల మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), లేజర్ పవర్ కొన్ని వందల వాట్లు, కిరణం పరుగు సెకనుకు ఒక మీటరు అటూ ఇటూ. పవర్ తగ్గినా, వేగం మరీ పెరిగినా పొడి పూర్తిగా కరగదు, పొరల మధ్య ఖాళీలు మిగులుతాయి. పవర్ ఎక్కువై వేగం తగ్గితే లోహం మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరి ఒత్తిడికి కరిగిన లోహంలో సన్నగా, లోతుగా గుంట పడుతుంది. దాన్నే కీహోల్ అంటారు. అది నిలకడ తప్పితే అడుగున ఒక బుడగ తెగి లోహంలోనే చిక్కుకుపోతుంది. పైకి నున్నగా కనిపించే భాగం లోపల ఆ బుడగ అలాగే ఉంటుంది. భారం పడుతూ లేస్తూ ఉంటే పగులు మొదలయ్యేది చాలాసార్లు అక్కడి నుంచే.

కాబట్టి ఈ రంగంలో విజ్ఞానమంటే ప్రధానంగా ఆ అంకెలే. ఏ పవర్‌కు ఏ వేగం, గీతకూ గీతకూ ఎంత దూరం, పొడి రేణువులు ఏ సైజు, గ్యాస్ ఎంత జోరుగా పారింది, ఏ సెట్టింగ్‌లో ముక్క పగిలింది. పరిశ్రమ భాగస్వామ్యంతో వచ్చే పేపర్లు కొన్ని తిరగేస్తే సరిగ్గా ఆ అంకెలే ఉండవు. పవర్‌ను 1.0, 1.2 అని నిష్పత్తిలో ఇస్తారు, అసలు వాట్లు ఎన్నో చెప్పరు. లేదంటే 'యంత్ర తయారీదారు సిఫారసు చేసిన సెట్టింగ్‌లు' అని ఒక్క ముక్కతో సరిపెడతారు. అందమైన మైక్రోస్కోప్ ఫొటోలు ఉంటాయి. ఆ ముక్కను మరో ల్యాబ్‌లో మళ్లీ చేసి చూసే దారి మాత్రం ఉండదు. మళ్లీ చేసి చూడలేనిదాన్ని పరిశోధన అనడం ఎందుకు, ప్రకటన అంటే పోలా?

ఇక విఫలమైన ప్రయోగాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి పేపర్లోకి రావు, థీసిస్‌లోకి వచ్చినా తాళం పడుతుంది. ఒక ల్యాబ్ పగలగొట్టుకున్న ముక్కనే ఇంకో ల్యాబ్ మరో గ్రాంటుతో మళ్లీ పగలగొడుతుంది. రెండుసార్లూ ఖర్చు జనానిదే.

ఇదేమీ నిపుణుల గూటి గొడవ కాదు. 2016లో విమానాల్లో సేవలోకి వచ్చిన లీప్ ఇంజిన్‌లోని ఇంధన నాజిల్ కొన ఈ పద్ధతిలోనే తయారవుతుంది. విడివిడిగా చేసి అతికించే సుమారు 20 ముక్కల స్థానంలో అది ఒకే ముక్క. తుంటి కీలు ఇంప్లాంట్లలోనూ ఇలా చేసినవి ఉన్నాయి. లోపలి బుడగలు ఎప్పుడు పుడతాయన్న విజ్ఞానం అందరి భద్రతకు సంబంధించినది.

బయటపెడితే ఏమవుతుందో చూశాం కూడా. 2019లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ పరిశోధనశాల, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అతి వేగంగా ఎక్స్‌రే చిత్రాలు తీసి, కరుగుతున్న లోహంలో కీహోల్ ఎప్పుడు ఎలా ఏర్పడుతుందో చూపించారు. ఆ ఫలితాలు 'సైన్స్' పత్రికలో వచ్చాయి. ఈ యంత్రాలు వాడే ఏ కంపెనీ అయినా తన సెట్టింగ్‌లను వాటితో సరిచూసుకోవచ్చు. ఇలా బయటపెట్టడంతో మునిగిన కంపెనీ లేదు కానీ, దీనితో తేలిన కంపెనీలు ఉండే ఉంటాయి.

పేటెంట్ కోసమే దాస్తున్నామనే మాట అసలు నిలవదు. పేటెంట్ అంటేనే బయటపెట్టడానికి కుదుర్చుకున్న బేరం. రహస్యాన్ని వివరంగా రాసి ఇస్తే, దరఖాస్తు పెట్టిన నాటి నుంచి 20 ఏళ్లు హక్కు దక్కుతుంది. సాధారణంగా 18 నెలలకు ఆ దరఖాస్తు లోకానికంతా తెలుస్తుంది. దరఖాస్తు పెట్టేశాక పేపర్ అచ్చయినా, థీసిస్ లైబ్రరీలో తెరిచి పెట్టినా అందులో చెప్పినదాని మీద హక్కు పోదు. అంటే దాచాల్సింది దరఖాస్తు సిద్ధమయ్యే కొన్ని నెలలు మాత్రమే. లోహపు పొడిని లేజర్‌తో పూర్తిగా కరిగించే పద్ధతికి జర్మనీ నగరం ఆహెన్‌లోని ఫ్రాన్‌హోఫర్ లేజర్ సంస్థ 1996లో పేటెంట్ దరఖాస్తు చేసింది. ఆ పద్ధతి మీద ఇవాళ ప్రపంచమంతా పరిశోధిస్తోంది, కంపెనీలు యంత్రాలు అమ్ముకుంటున్నాయి. మరి నెలలు చాలినచోట ఏళ్లెందుకు? పేటెంట్ తీసుకునేంత కొత్తదనం లేకపోయినా ఎదుటివాడికి తెలియకూడదు కాబట్టి. దానికి వ్యాపార రహస్యమని పేరుంది. కంపెనీ తన గోడల మధ్య, తన జీతగాళ్లతో, తన డబ్బుతో కాపాడుకుంటే మాకేం అభ్యంతరం లేదు. డిగ్రీలిచ్చే చోటును గిడ్డంగిగా వాడుకుంటామంటేనే కుదరదు.

ఇక్కడే ద్వంద్వ నీతి. ఇవే విశ్వవిద్యాలయాలు గ్రాంటు దరఖాస్తుల్లో బహిరంగ విజ్ఞానం, అంటే పరిశోధన ఫలితాలు అందరికీ అందాలన్న సూత్రం గురించి పేజీలు నింపుతాయి. 2021లో యునెస్కో సభ్య దేశాలు దానిపై సిఫారసును ఆమోదిస్తే చప్పట్లు కొట్టాయి. 'వీలైనంత తెరిచి, అవసరమైనంతే మూసి' అన్నది యూరప్ పరిశోధన నిధుల సూత్రం. మొదటి సగం దరఖాస్తులోకి, రెండో సగం ఒప్పందంలోకి వెళ్తున్నాయి. 'అవసరమైనంతే' అన్న మాట మాత్రం ఎక్కడా కనిపించదు. ఎంత అవసరమో తేల్చేది ఎవరు? కంపెనీ లాయరు. విశ్వవిద్యాలయం పని సంతకం పెట్టడం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, జనం డబ్బుతో పుట్టిన జ్ఞానాన్ని పాలకవర్గాలు రాసిచ్చేస్తున్నాయి.

నష్టపోయేది మొదట విద్యార్థే. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఇన్నేళ్లు ఏం చేశావని అడిగితే చెప్పలేడు. చెబితే ఒప్పందం అడ్డు, చెప్పకపోతే ఉద్యోగం రాదు. గైడ్‌కు తర్వాతి ప్రాజెక్టు వస్తుంది, కంపెనీకి సెట్టింగ్‌లు వస్తాయి, ఆ కుర్రాడికి మిగిలేది పేరుకు ముందు 'డాక్టర్' అన్న మాట.

ఒక ఒప్పందంలో ఒప్పుకున్న వాక్యాన్ని తర్వాతి కంపెనీ హక్కుగా అడుగుతుంది. ఫలానావాళ్లకు ఇచ్చి మాకెందుకివ్వరంటే జవాబుండదు. ఇవాళ లేజర్ ల్యాబ్‌లో చెల్లిన మాట రేపు బ్యాటరీల ల్యాబ్‌లో, ఎల్లుండి మందుల ల్యాబ్‌లో చెల్లుతుంది. వైద్యరంగం ఈ దారిలోనే చాలా దూరం వెళ్లి దెబ్బతింది. మందులను మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్‌లో నచ్చని ఫలితాలను దాచే అలవాటు ముదిరాక, ముందే నమోదు చేయని ట్రయల్స్‌ను ప్రచురించబోమని ప్రధాన వైద్య పత్రికలు 2004లో ప్రకటించి, 2005 నుంచి పట్టుబట్టాయి. ఇంజినీరింగ్ పత్రికలకు ఆ పట్టుదల ఏది? పవర్, వేగం, పొర మందం రాయని పేపర్‌ను వెనక్కి పంపడానికి చట్టం అక్కర్లేదు, ఎడిటర్‌కు వెన్నెముక ఉంటే చాలు. నిధులిచ్చే ప్రభుత్వ సంస్థలు కూడా రూపాయో డాలరో తమది కలిసిన ప్రతి ప్రాజెక్టులో తాళం గడువును పేటెంట్ దరఖాస్తుకు ముడిపెట్టాలి. విఫలమైన ప్రయోగాల అంకెలను బయటపెట్టందే ఆఖరి విడత సొమ్ము విడుదల చేయకూడదు.

విశ్వవిద్యాలయాధిపతులకు ఒక మాట. ఒప్పందం కుదిరిన రోజు కంపెనీ ప్రతినిధితో చేతులు కలిపి ఫొటో దిగి, దాన్ని వెబ్‌సైట్ మొదటి పేజీలో పెట్టుకుంటున్నారు కదా. ఆ ఫొటో పక్కనే గోప్యతా నిబంధన ఉన్న పేజీని కూడా పెట్టండి. పెట్టడానికి సిగ్గుగా ఉంటే, దాని మీద సంతకం ఎందుకు చేశారు?